బయటికి తేలిన సొట్ట

బండి తెల్లగా ఉండేదని జేజి అంటాది,
కాదు, మీగడ రంగని సిన్నాయన.
నాయన ఏమీ అనడు. ఉప్పుకాగితం తీసుకుని
తలుపు మీద అరచెయ్యంత మేర రుద్దుతాడు.
పైన నీలం, టమాటాల కాలం.
దాని కింద పసుపు, బడిపిల్లోల కాలం.
ఇంకా కింద, గోరంత,
ఎవరి మాటా కాని పచ్చ.

పదకొండేండ్లు రేకుల కొట్టంలో
కోళ్లకు గూడై నిలబడిన మటాడోర్.
పాతసామాన్ల ఆయన చూసి తూకం ధర చెప్పినాడు.
నాయన దూది ఏకే మిషను కాడి నుంచి లేచొచ్చి
"తూకానికి పోయేది కాదప్పా ఇది" అన్నాడు.
ఆ ఒక్క మాటకు ఇంటిల్లిపాదీ ఇరుక్కున్యాం.

ఆదివారమొస్తే ఇల్లంతా డీజిలు వాసన.
సిన్నాయన బండి కింద పండుకుంటే
కాళ్లు మాత్రమే మాట్లాడతాయి:
"పదమూడు నంబరు పానా... కాదు, పద్నాలుగు."
హుసేన్‌బీ అక్క నట్లన్నీ కడిగి
ఇడ్లీ ప్లేట్లలో పేరుస్తాది,
ఏ గుంతలోది ఏ చక్రానిదో దానికే తెలుసు.
ఆ నెలంతా మాకు ఉగ్గాణే.
సీట్లకు ఫోమంటే జేజి ఒప్పుకోలే.
"పరుపులు కుట్టిన చేతులివి, సీటొక లెక్కా?"

నా పని లైటు పట్టుకోవడం.
"గేటూ, చెయ్యి వణకనీకు!"
"గేటూ, నా కంట్లో కాదు, నట్టు మీద!"
షంషాద్ అని నన్ను బళ్లో తప్ప ఎవురూ పిలవరు.

హెడ్‌లైటు రింగు కర్నూలు గుజిరీలో దొరికింది,
పంపు గుంతకల్లులో.
అద్దం రబ్బరు మాత్రం యాడా లేదు.
అమ్మ డ్రిప్పు పైపు ముక్కను నిలువునా చీల్చి తొడిగింది.
పట్టేసింది.
సిన్నాయన ఆ పొద్దు నుంచి అమ్మను మేస్త్రీ అంటాడు,
ముందు ఎగతాళికే.

ఆదోని నుంచి టింకరు ఖాజామొద్దీన్ వచ్చినాడు.
రబ్బరు సుత్తి, ఇసుక సంచి, దవడలో వక్క.
రేకంతా వేళ్లతో తడిమినాడు
మంత్రసాని కడుపు తడిమినట్ల.
ఎద్దు పొడిచింది ఇది, లారీ రాసింది ఇది,
మేం చెప్పకుండానే చెప్పినాడు.
ఎడమ పక్క, ఎనక చక్రం పైన, ఆగినాడు.
"ఇదేంది దస్తగిరీ?
యా సొట్టయినా లోపలికి పోతాది,
ఇది బయటికి తేలిందే?
లోపల్నుంచి ఎవురు తన్నినారు?"

నాయన తుడిచిన పానానే తుడిచినాడు.
సిన్నాయన కాళ్లు కూడా మాట్లాడలే.
అమ్మ చింతపండు పిసికే చేతుల్తోనే వచ్చి
"నేనే" అనింది.

"ఆదోని ఆస్పత్రికని బయల్దేరితే
ఆస్పరి కాడ గేటు పడింది.
గూడ్సు. పెట్టెలు లెక్కబెడితే నొప్పి తెలీదని
అత్త చెప్పింటే లెక్కబెట్టినా,
నలభై ఒకటి దాకా గుర్తుంది.
టమాటా బుట్టల నడుమ గోనెపట్ట మీద
కాలు తన్నిపెట్టనీకి ఇదొకటే దొరికింది."

నా చేతిలో లైటు
నేను చెప్పకుండానే ఆ చోటికి పోయింది.
మడమంత గుండ్రం.
గేటు కాడ పుట్టినానని తెలుసు నాకు,
రేకు కూడా ఒక చెయ్యి వేసిందని తెలీదు.

ఖాజామొద్దీన్ సుత్తి సంచిలో పెట్టి
"దీన్ని కొడితే రేకు పల్చనయితాది" అన్నాడు.
కూలిలో మాత్రం ఆ సొట్టనూ కలుపుకున్నాడు.

ఎవరి మాటా కాదు కాబట్టి
పచ్చ రంగే వేసినాం.

బండి లేచింది గానీ పని అయిపోలే.
నెలకొకసారి గ్రీజు.
వానలకు ముందు అడుగున పాత ఆయిలు పూత.
రేడియేటరుకు బోరునీళ్లు పొయ్యగూడదు, ఉప్పు పడతాది;
వాననీళ్ల డ్రమ్ము దానికే,
చెంబు ముంచితే తిట్లు.
కోళ్లు ఇంకా వచ్చి తలుపు కాడ నిలబడతాయి.

పొద్దున్నే తాళం సగం తిప్పి
హీటరు కాగేదాకా పది లెక్కబెట్టాల.
జేజి పది గబగబా అయిపోతాది.
నాయన ఏడు కాడ ఆగి గాలి పీలుస్తాడు.
ఈ నడుమ స్టీరింగు కాడ అమ్మ కూర్చుంటాది,
క్లచ్చి మీద మడమ ఆనించి.
పది అయిపోయినా తాళం తిప్పదు.
పెదాలు కదులుతానే ఉంటాయి.
ఎంత దాకా మా, అంటే
ముందు తలుపెయ్, అంటాది.